మేళం మాట్లాడటం

మా అమ్మాయి పెళ్ళికి మండపం దొరకడానికి రెండు రోజులు పట్టింది. వంటవాళ్ళను మాట్లాడడానికి ఒక సాయంత్రం చాలింది. పత్రికలు, పట్టుచీరలు, పురోహితుడు, ఇవన్నీ ఎలాగో సర్దుకున్నాయి. రిసెప్షన్‌లో పాడేదెవరు, పాడేదేమిటి అన్న సంగతి తేలడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది. ముప్పై అయిదేళ్ళుగా బ్యాంకులో అప్పులిచ్చే పనిలో ఉన్నవాణ్ణి. కోట్ల రూపాయల ఫైలు మీద రెండు రోజుల్లో సంతకం పెట్టిన సందర్భాలున్నాయి. రెండున్నర గంటల పాటకు నాలుగు నెలలేమిటని మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

ఈ పత్రిక చదివే ఆంధ్రదేశపు మిత్రులకు ఒక మాట చెప్పాలి. మీ వైపు పెళ్ళయ్యాక విందు. మా మదురైలోనూ కోయంబత్తూరులోనూ అది తలకిందులు. తెల్లవారి ముహూర్తమైతే రిసెప్షన్ ముందురోజు రాత్రే జరిగిపోతుంది. తాళి కట్టకముందే పిల్లా పిల్లాడూ వేదిక మీద పక్కపక్కన నిలబడి ఊరందరికీ నమస్కారాలు పెడతారు. గుమ్మం దగ్గర మొయి రాసే ఆయన నోటు పుస్తకం తెరుచుకుని కూర్చుంటాడు. ముహూర్తానికి ఉండేది దగ్గరి చుట్టాలు. రిసెప్షన్‌కు వచ్చేది ఊరు. కాబట్టి ఆ రాత్రి పాట ఊరి కోసం. చిక్కంతా అక్కడే వచ్చింది.

మా వియ్యాలవారిది కోయంబత్తూరు, పీలమేడు. తాతల కాలంలో పత్తి పండించారు, మిల్లులొచ్చాక మిల్లుల చుట్టూ బతికారు. పిల్లవాడి తండ్రికి ఇప్పుడు మోటారు పంపుల విడిభాగాలు చేసే చిన్న షెడ్డు ఉంది. పెళ్ళిమాటలకు మేము వెళ్ళినప్పుడు రెండు ఇళ్ళవాళ్ళమూ తెలుగులోనే మొదలుపెట్టాం. వాళ్ళ తెలుగు, మా తెలుగు ఒకటి కావు. వాళ్ళ అవ్వగారు ఏదో అంటే మా ఆవిడ నా మొహం చూసింది. మా అమ్మ ఏదో అంటే వాళ్ళ కోడలు నవ్వింది. అయినా నడిచింది. సంగతి ఖర్చుల దగ్గరికి వచ్చేసరికి అందరమూ తమిళంలోకి దిగిపోయాం. లెక్కలు మాకెవరికీ తెలుగులో రావు. రిసెప్షన్ ఖర్చు చెరిసగమని తమిళంలోనే తేలింది. సగం వాళ్ళదైనప్పుడు పాటలో సగమూ వాళ్ళదే కదా.

మా అమ్మకు అప్పుడు 81 ఏళ్ళు. తన మాట మొదటిరోజే చెప్పేసింది.

"సాయంత్రం నాదస్వరం ఉండాలిరా. పొద్దున ముహూర్తానికి మట్టుకు ఊది పొమ్మంటే ఆ మనిషికేమి మర్యాద, మనకేమి మర్యాద?"

అమ్మ పెళ్ళి 1962లో జరిగింది. ఆ ఏడే తమిళంలో 'కొంజుం సలంగై' సినిమా వచ్చింది. కారుకురిచ్చి అరుణాచలంగారి నాదస్వరం, ఎస్. జానకిగారి గొంతు పోటాపోటీగా నడిచే పాట అందులో ఉంది. ఆ ఏడు మేళగాడన్నవాడు ఆ పాట వాయించకుండా పందిరి దాటలేదంటుంది అమ్మ. అదే సినిమా తెలుగులో 'మురిపించే మువ్వలు' పేరుతో వచ్చింది. జానకిగారు ఆ పాట రెండు భాషల్లోనూ పాడవలసి వచ్చింది. నాదస్వరానికి ఆ శ్రమ లేదు.

నాదస్వరమంటే నాకూ ఇష్టమే. మదురైవాణ్ణి, ఇష్టం లేదంటే ఊళ్ళో ఉండనివ్వరు. 'తిల్లానా మోహనాంబాళ్' (1968)లో శివాజీ గణేశన్ ఊదినట్టు నటించాడు గానీ ఊదిందంతా మా ఊరి ఎం.పి.ఎన్. సేతురామన్, పొన్నుసామి సోదరులు. మా నాయనకు మాత్రం షేక్ చినమౌలానాగారంటే (1924–1999) ప్రాణం. ప్రకాశం జిల్లా కరవది నుంచి వచ్చి శ్రీరంగంలో, సాక్షాత్తూ రంగనాథుడి ఊళ్ళో స్థిరపడిన తెలుగు ముస్లిం విద్వాంసుడాయన. "మనవాడు" అనేవాడు నాయన, ఏదో దగ్గరి చుట్టమైనట్టు.

అయితే నాదస్వరం మాట వచ్చినప్పుడల్లా నన్నొక ఆలోచన గీకుతూ ఉంటుంది. ఇక్కడి పందిళ్ళలో వాయించే కీర్తనల్లో చాలామటుకు త్యాగయ్యవే. కురంజి రాగంలోని సీతాకల్యాణం కీర్తన తమిళుల పెళ్ళిళ్ళలోనూ వినబడుతుంది. అంటే మా ఊరి పందిళ్ళలో తెలుగు మోగుతూనే ఉంది. మాటలు మాత్రం సన్నాయి గొట్టంలోనే ఉండిపోతున్నాయి. మా ఇళ్ళలో సగంమంది సంగతీ అదే. రాగం తెలుసు, మాట తెలియదు.

మా అమ్మాయికి ఈ గొడవేమీ పట్టదు. బెంగుళూరులో ఉద్యోగం, స్నేహితులు అన్ని భాషలవాళ్ళు. "అప్పా, పాటగాళ్ళు వద్దు. డీజే పెడదాం. లేదంటే వయొలిన్, కీబోర్డు, ఏదో ఒకటి, మెల్లగా వెనక మోగుతూ ఉండనీ. వచ్చినవాళ్ళు మాట్లాడుకోవాలి కదా" అంది. మా నాయనను నేను 'నాయనా' అన్నాను. మా అమ్మాయి నన్ను 'అప్పా' అంటుంది. ఎప్పుడు మారిందో, ఎవరు మార్చారో, ఇంట్లోనే ఉండి కూడా నేను గమనించలేదు. ఏమైతేనేం, ఆమె చెప్పినదాంట్లో న్యాయం ఉందని మాత్రం ఒప్పుకుంటాను. ఈ మధ్య నేను వెళ్ళిన రిసెప్షన్లన్నిటిలోనూ పక్కవాడితో సైగలతోనే మాట్లాడాను. ముందు వరసల్లో ముసలివాళ్ళను కూర్చోబెట్టి, వాళ్ళ చెవులకు ఎదురుగానే స్పీకర్లు నిలబెడతారు. ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

వియ్యంకుడుగారి కోరిక వేరు. గుమ్మం దగ్గర చెండ మేళం, లోపల లైట్ మ్యూజిక్. కోయంబత్తూరువాళ్ళకు వాళయార్ దాటితే పాలక్కాడే; అక్కణ్ణుంచి ఇరవైమంది వచ్చి తెల్ల పంచెలతో, మెడలో చెండలు వేసుకుని వరసగా నిలబడి మోగిస్తే వీధి వీధంతా అదిరిపోతుంది. "అది లేకుంటే మా పక్క జనం దాన్ని రిసెప్షన్ అనరు బావా" అన్నాడాయన. ఇక లైట్ మ్యూజిక్ అంటే ఆయన లెక్కలో ఇళయరాజా పాటలు, అవీ 1980ల నాటివి.

నా కోరిక ఏమిటో నేనెవరికీ చెప్పలేదు. బదులుగా బ్యాంకువాడు చేసే పనే చేశాను. మూడు కొటేషన్లు తెప్పించి, తెల్లకాగితం మీద గీతలు గీసి పట్టిక వేశాను. మనుషులెంతమంది, ఎంతసేపు, సౌండు సెట్టు వాళ్ళదా మనదా, ప్రయాణపు ఖర్చెవరిది, 18 శాతం జీఎస్టీ కలిపా విడిగానా. డీజే అందరికంటే చవక. ఆ కుర్రవాడు ఒక లాప్‌టాప్ తీసుకుని ఒక్కడే వస్తాడు. నేను ఏదో పాట అడగబోతే, "సార్, మీరేది అడిగినా రెండు సెకన్లలో ఉంటుంది" అన్నాడు. ఎందుకోగానీ ఆ మాటతోనే అతని మీద నాకు మనసు విరిగింది. రెండు సెకన్లలో దొరికే పాట కోసమా నేను ఇరవై తొమ్మిదేళ్ళు ఆగింది అనిపించింది.

ఆ ఇరవై తొమ్మిదేళ్ళ సంగతి చెప్పక తప్పదు.

నా పెళ్ళి 1995లో జరిగింది. రిసెప్షన్‌కు ఒక ఆర్కెస్ట్రా పెట్టారు మా మామగారు. ఆ రాత్రి ఎనిమిదింటప్పుడు మా నాయన వేదిక మెట్ల దగ్గరికి వెళ్ళి, ఒక చీటీ పైకి అందించాడు. పాటలడుగుతూ చీటీలిచ్చే రోజులవి. ఆయన అడిగింది 'మాయాబజార్' సినిమాలో ఘటోత్కచుడి భోజనాల పాట. 1957లో ఆ సినిమా తెలుగులోనూ తమిళంలోనూ వచ్చింది. తెరమీద రెంటిలోనూ ఎస్.వి. రంగారావే. తెలుగులో మాధవపెద్ది సత్యం పాడితే, తమిళంలో తిరుచ్చి లోకనాథన్ పాడాడు. తమిళ పాట ఇక్కడి పెళ్ళిళ్ళలో ఈనాటికీ మోగుతూనే ఉంది. నాయన అడిగింది తెలుగుది. ఆర్కెస్ట్రా నాయకుడు చీటీ చదివి, మైకులోనే, "పెద్దాయన గొల్టి పాట అడుగుతున్నారు, మా దగ్గర లేదే!" అన్నాడు. జనం నవ్వారు. ఆ నవ్వినవాళ్ళలో తెలుగువాళ్ళే ఎక్కువమంది ఉన్నారన్నది వేరే సంగతి. తమిళ పాట పాడతామని అతడన్నాడు. నాయన వద్దని తల తిప్పి, మళ్ళీ చేత్తో చీటీ చూపిస్తూ అక్కడే నిలబడ్డాడు.

అప్పుడు నేను, దండలు వేసుకుని వేదిక మీదున్న పెళ్ళికొడుకును, కిందికి వంగి అన్నాను: "ఊరుకో నాయనా, అందరూ చూస్తావుండారు. పోయి కూర్చో."

ఆయన పోయి కూర్చున్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. 1997లో పోయాడు. అంతే. దాన్ని పెద్ద విషాదంగా చెప్పడానికి లేదు. ఒక తండ్రి పాట అడిగాడు, కొడుకు కూర్చోమన్నాడు. కానీ నేను ఏ రిసెప్షన్‌కు వెళ్ళినా ఆ మెట్ల వైపు చూడకుండా ఉండలేను.

నాయన పత్తుత్తూణ్ సందులో ఒక బట్టల కొట్లో లెక్కలు రాసేవాడు. తిరుమల నాయకుడు కట్టించిన మహలులో మిగిలిపోయిన పది స్తంభాలు ఆ సందులో, కొట్ల మధ్యన, ఇప్పటికీ ఉన్నాయి. ఆయనకు తెలుగు చదవడం, రాయడం రాదు. పోయాక ఆయన పెట్టెలో ఒక పాత చిట్టా పుస్తకం దొరికింది. జమ వైపు ఖాళీ. ఖర్చు వైపు నిండా తెలుగు పాటలు, తమిళ అక్షరాల్లో. రాత్రిపూట రేడియోలో విజయవాడ స్టేషను గరగరలాడుతూ వినబడితే, చెవి ఆనించి విని రాసుకున్నవి. తమిళంలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం కదా. అందుకని ఆయన తనకోసం ఒక పద్ధతి పెట్టుకున్నాడు. గ, జ, డ, ద, బ పలకాల్సినచోట అక్షరం కింద ఎర్రసిరాతో చుక్క. కొట్లో అసలు పద్దులకు నీలం సిరా, సరిచూసినవాటికి ఎర్రది, ఆ అలవాటే. 'మాయాబజార్' పాట ఉన్న పేజీ మూల మడతపెట్టి ఉంది.

నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక. ప్రమోషన్ మీద 2008లో విజయవాడ వేశారు. మూడేళ్ళు బస్సుల బోర్డులు, సినిమా పోస్టర్లు చదువుతూ నేర్చుకున్నాను. అక్కడ నేను "నిండా సంతోషం" అంటే బ్రాంచిలో నవ్వేవారు. వచ్చిన ఆరు నెలలకు ఒక ఖాతాదారు ఎంతో ఆదరంగా, "అరవవారైనా తెలుగు బాగా నేర్చుకున్నారండీ" అన్నాడు. కృతజ్ఞతలు చెప్పాను. ఇక్కడ గొల్టి, అక్కడ అరవం. ఎక్కడా లెక్క సరిపోని పద్దును సస్పెన్స్ ఖాతాలో వేస్తాం మేము. నా పద్దూ అందులోదే అనుకున్నాను.

నాలుగో నెలలో లైట్ మ్యూజిక్ ట్రూపు ఖాయమైంది. దాని నాయకుడు మహలు దగ్గర ఒక మేడమీది గదిలో ఉంటాడు. నౌబత్ఖానా వీధి మీదుగా నడిచి వెళ్ళాను. నౌబత్ అంటే రాజద్వారం దగ్గర వేళప్రకారం మోగించే నగారాలు, సన్నాయిలు. నాయకరాజుల మహలుకు మేళం మోగిన చోటు అది. ఇప్పుడు పేరొక్కటే మిగిలింది. తిరుమల నాయకుడు 1623 నుంచి 1659 దాకా ఏలాడు. మధురలో ఆయన ఎదుట రెండువేల పదాలు పాడానని క్షేత్రయ్య పదమొకటి చెబుతుంది. రెండువేలు! ఆ వీధిలోనే నేను ఒక్క పాట కోసం బేరమాడడానికి పోతున్నాను.

నాయకుడు మంచివాడు. తమిళుడు, యాభై దాటినవాడు. ముందు దేవుడి పాట, తర్వాత మెలొడీ, తొమ్మిది దాటాక కుర్రకారుకు డప్పు పాటలు, అని వరస చెప్పాడు.

"తెలుగు పాటలేమైనా?" అన్నాను, ఏదో మాటవరసకు అడిగినట్టు.

"ఎందుకు లేదు సార్! 'నాటు నాటు' ఉంది. ఆస్కార్ వచ్చిందే, అది. 'శంకరాభరణం' కావాలన్నా పాడతాం."

'మాయాబజార్' అన్నాను. తమిళంది ప్రతి పెళ్ళిలోనూ పాడతామన్నాడు. తెలుగుది కావాలన్నాను. అతను ఒక్క నిమిషం ఆలోచించి, "ట్యూను ఒకటే కదా, వాయిద్యాలకు ఇబ్బంది లేదు. మాటలు తమిళ అక్షరాల్లో రాసిస్తే మా అమ్మాయి పాడుతుంది" అన్నాడు. పాడేది మగవాడి పాట, ఘటోత్కచుడి పాట. అయినా వాళ్ళ ట్రూపులో కొత్త భాష పట్టుకునేది ఆ అమ్మాయి ఒక్కతేనట. ఎం.కామ్. చదువుతోందట. కామర్సు అనగానే నాకు ధైర్యం వచ్చింది.

తమిళ అక్షరాల్లో రాసివ్వమన్నప్పుడు నేను కొత్తగా రాయనక్కరలేకపోయింది. నాయన రాసిపెట్టి ఉన్నాడు. ఇంటికొచ్చి ఆ పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాను. చుక్కల పద్ధతి వివరించాను. మర్నాటి నుంచి మొదలయ్యాయి ప్రశ్నలు. "సార్, ఇక్కడ ప నా, బ నా?" "సార్, ఈ చుక్క సిరా మరకా, నిజం చుక్కా?" నేను బ్యాంకు నుంచి, బాత్రూములో తలుపేసుకుని, ఒక్కొక్క మాట పలికి పంపేవాణ్ణి. 'భ' దగ్గర ఇద్దరమూ చాలా కష్టపడ్డాం. చెప్పడానికేం, మా ఇంటి తెలుగులోనూ ఒత్తులు పలికేవాళ్ళెవరూ లేరు. విజయవాడలో నేర్చుకున్న ఒత్తులే నాకు దిక్కు.

ఈ ఊళ్ళోనే కచేరీలు చేసే పెద్దపెద్ద విద్వాంసులు కూడా త్యాగయ్యను చాలామంది ఇలా తమిళ అక్షరాల్లోనే రాసుకుని నేర్చుకున్నారు. కచేరీలంతా తెలుగే పాడితే వినేవాడికి అర్థమేమవుతుందని 1940లలో తమిళిసై ఉద్యమం లేచింది. 1943లో రాజా సర్ అణ్ణామలై చెట్టియార్ తమిళిసై సంఘం పెట్టారు. మా వాళ్ళు కొందరు దాన్ని ఇప్పటికీ తిడతారు. నేను తిట్టలేను. తన పండుగలో తన మాట వినబడాలని తమిళుడు అడిగాడు. నా కూతురి పెళ్ళిలో నేనడిగిందీ అదే.

పెళ్ళి 2024 ఆవణి మాసంలో జరిగింది. రిసెప్షన్ రోజు పొద్దున మండపం మేనేజరు కొత్త పేచీ పెట్టాడు. సినిమా పాటలు పాడిస్తున్నారు కాబట్టి కాపీరైటు లైసెన్సు కట్టారా అని. ఇది మాత్రం నా వృత్తికి తగిన విషయం. 1957 నాటి కాపీరైటు చట్టంలో 52వ సెక్షన్ పెళ్ళి ఊరేగింపులకు, పెళ్ళికి సంబంధించిన వేడుకలకు మినహాయింపు ఇచ్చింది. కేంద్రప్రభుత్వం 2023 జులైలో మళ్ళీ ఆ మాటే స్పష్టం చేస్తూ నోటీసు ఇచ్చింది. ఫోన్లో చూపించాను. మేనేజరు చదవకుండానే, "సరే సార్, పదింటికి మైకు ఆపండి, అది చాలు" అన్నాడు. ఆ మాట నిజమే. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ కూడదని 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు.

చివరికి అందరికీ తలా ఇంత దక్కింది. గుమ్మం దగ్గర చెండ మోగింది. వియ్యంకుడుగారు ఆ ఇరవైమంది ముందు తానే చేతులు ఊపుతూ నిలబడ్డారు. ఆరింటి నుంచి ఏడింటి దాకా నాదస్వరం. అమ్మ మొదటి వరసలో కూర్చుని తాళం వేసింది. స్పీకర్లు ముసలివాళ్ళ వైపు కాకుండా గోడల వైపు తిప్పించడం నా ఘనత. అమ్మాయికి డీజే దక్కలేదు గానీ, ఆమె స్నేహితులు 'నాటు నాటు'కు గెంతిన గెంతులకు వేదిక చెక్కలు నిలిచాయంటే అది మండపంవాళ్ళ అదృష్టం. ఆ పాట తెలుగని వాళ్ళలో సగంమందికి తెలియదు. తెలిసినా తేడా ఉండేది కాదు.

'మాయాబజార్' పాట ఎనిమిదిన్నరకని నాయకుడితో మాట. ఎనిమిదీ నలభై అయింది. అప్పుడే మా రీజనల్ ఆఫీసు నుంచి పెద్ద అధికారి బృందంతో వచ్చాడు. వేదిక ఎక్కించాను. ఫోటోగ్రాఫరు అందర్నీ ఎడమకు, కుడికి జరుపుతున్నాడు. సరిగ్గా అప్పుడు ఆ అమ్మాయి మొదలుపెట్టింది. ఆమె మొదటి మాట విన్నాను, 'భ' సరిగానే పడింది. రెండో చరణం దాకా నా చెవి అటే ఉంది. ఇంతలో అధికారి నా చెయ్యి పట్టుకుని మా బ్రాంచి మొండి బకాయిల సంగతి అడగడం మొదలుపెట్టాడు, వేదిక మీదే, నవ్వుతూ. నేనూ నవ్వుతూ జవాబు చెప్పాను. మాట పూర్తయ్యేసరికి చప్పట్లు వినబడ్డాయి. పాట అయిపోయింది.

చప్పట్లూ పలచగానే ఉన్నాయి. చూస్తే హాలు సగం ఖాళీ. అదే సమయానికి రెండో పంక్తికి భోజనాల గది తలుపు తెరిచారట. ఘటోత్కచుడి పాట వింటూ జనం భోజనానికి నడిచారు. అంతకంటే సందర్భోచితంగా ఎవరూ ఏర్పాటు చెయ్యలేరు.

దిగి వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను. అమ్మా, వియ్యాలవారి అవ్వగారూ పక్కపక్క కుర్చీల్లో ఉన్నారు.

"విన్నావా అమ్మా?"

"విన్నా." కాసేపాగి అడిగింది, "మీ నాయన అడిగింది ఇదే గదరా?"

ఆ రాత్రి అమ్మ ఎక్కడో ఆడవాళ్ళ మధ్య ఉంది, ఆమెకు తెలియదనుకున్నాను ఇన్నేళ్ళూ. అవునన్నాను.

"ఆ పొద్దే పాడించుంటే పోయుండును" అంది. తిట్టినట్టు అనలేదు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. తర్వాత అవ్వగారి వైపు తిరిగి, "రాండి వదినా, మనమూ బువ్వ తిందాము" అని ఆమె చెయ్యి పట్టుకుని లేపింది.

పెళ్ళయిన మూడు వారాలకు ఆ పాడిన అమ్మాయి నుంచి వాట్సాప్‌లో ఒక ప్రశ్న వచ్చింది. నేను హడావుడిలో ఆ పేజీతోపాటు చిట్టాలోని చివరి పేజీల ఫోటోలు కూడా పంపించానట. అవి సినిమా పాటలు కావు. మా నాయనమ్మ నోట వచ్చిన పెళ్ళిపాటలు, నాయన చెప్పించుకుని రాసుకున్నవి. వాటిల్లో ఒకటి ఉయ్యాల పాట. పెళ్ళికూతురినీ పెళ్ళికొడుకునూ ఉయ్యాలలో కూర్చోబెట్టి పాడేది. దిండుక్కల్ దగ్గర ఎవరో తెలుగువాళ్ళ పెళ్ళికి వాళ్ళ ట్రూపును పిలిచారు. అక్కడ ఈ పాట పాడాలని ఆ అమ్మాయి కోరిక. వరస ఎలా ఉంటుందో పాడి పంపమంది. ఇంకొకటి, మూడో పంక్తిలో మువ్వల ముందున్న మాట 'గాలి'నా, 'కాలి'నా అని అడిగింది. తమిళంలో రెండూ ఒకేలా ఉంటాయి.

పుస్తకం తీసి చూశాను. ముసలామె గబగబా పాడేస్తుంటే రాసుకున్నాడు కాబోలు, ఆ చివరి పేజీల్లో నాయన ఎర్రచుక్కలు పెట్టలేదు. ఉయ్యాల ఊగితే గాలికి మోగే మువ్వలా, కాలికి కట్టిన మువ్వలా? రెండూ కుదురుతాయి. అమ్మనడిగితే, అనుమానమే లేదు, గాలి మువ్వలంది. వరస కూడా పాడి వినిపించింది. పీలమేడుకు ఫోను చేసి అవ్వగారినడిగాను. ఆ పాట తమకూ ఉందని, కాలి మువ్వలని ఆవిడ అంది. ఆవిడ పాడిన వరస వేరు, నడక కూడా వేరు. ఈ సంగతి అమ్మకు చెబితే, "వాళ్ళకేమి తెలుసు, అది కోయంబత్తూరు" అంది. అవ్వగారు నా వియ్యంకుడితో ఏమన్నదో ఆయన నాకు చెప్పలేదు.

రెండు పాటలూ ఫోన్లో రికార్డు చేసి ఉంచాను. ఆ అమ్మాయికి ఏది పంపాలో తేల్చుకోలేక, ఇంకా జవాబు రాయలేదు.